సమ్మె రోజుల్లో సోషలిజం క్లాసు

అభిలాష్ సోషలిజం మీద చెప్పిన మొట్టమొదటి క్లాసులో మొట్టమొదట నిద్రపోయిన మనిషి మృదుల.

నిద్ర అంటే కునికిపాట్లు కాదు. రెండో వరుసలో కిటికీ పక్కన కూర్చుని, నోట్సు మీద చెంప ఆనించి, పెన్ను వేళ్ల మధ్య అలాగే ఉంచుకుని హాయిగా పడుకుంది. బయట సన్నటి వాన. గోడ మీది ఫొటోల్లోంచి గడ్డాల పెద్దమనుషులు ముగ్గురు ఆమెనే చూస్తున్నారు.

అది రెండు వేల పదకొండు సెప్టెంబరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. ఆఫీసులు బంద్, బడులు బంద్, ఆర్టీసీ బస్సులు డిపోల్లోనే. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు కూడా షట్టర్లు దించాయి. వాటిలో ఒకదాంట్లో గ్రూప్స్ పిల్లలకు పాలిటీ చెప్పే అభిలాష్‌కు పని లేకుండా పోయింది. బస్ డిపో వెనక సందులో టిఫిన్ సెంటర్ మీద ఒక చిన్న రీడింగ్ రూం ఉంది. దాన్ని నడిపే రిటైర్డ్ టీచరు సీతారాములు సారు, పిల్లలు ఊరికే తిరిగే బదులు నాలుగు విషయాలు నేర్చుకుంటారని క్లాసులు పెట్టమన్నారు. మెట్ల దగ్గర బోర్డు కూడా ఆయనే రాశారు: 'వామపక్ష రాజకీయ భావాలు. ఏమీ తెలియని వారి కోసం.'

అభిలాష్ ఆ రెండో వాక్యం చదవలేదు. ఉత్పత్తి సాధనాలు, ఉత్పత్తి సంబంధాలు, వాటిలోంచి పుట్టే వర్గ వైరుధ్యాలు అంటూ గంటన్నర ఆపకుండా చెప్పాడు. చెప్పి, గర్వంగా తల ఎత్తి చూస్తే, ఇదీ దృశ్యం.

"మేడమ్, ఇంట్ల పండుకుంటే అయిపోతుండె గదా" అన్నాడు దగ్గరికి వెళ్లి.

ఆ అమ్మాయి లేచింది. చెంప మీద నీలి సిరా గీత. సారీ చెప్పి, బస్సుల్లేక, ఆటోలు దొరక్క మన్సూరాబాద్ నుంచి నడిచి వచ్చానంది. మాట వినగానే కోస్తా మనిషని తెలిసిపోయింది. సమ్మె అన్నాక తిప్పలు అందరికీ ఉంటాయని, తన తండ్రి ఆర్టీసీ డ్రైవరేనని, జీతం లేకుండా ఇంట్లో కూర్చున్నాడని అభిలాష్ కాస్త గట్టిగానే చెప్పాడు.

"నడిచినందుకు కాదండీ నిద్ర" అంది మృదుల. "మీ ఒక్కో వాక్యానికి ఇరవై మాటలున్నాయి. చివరి మాటకొచ్చేసరికి మొదటిది మర్చిపోతున్నాను."

క్లాసంతా నవ్వింది. ఇంతకీ ఈ క్లాసుకు ఎందుకొచ్చారని అభిలాష్ అడిగితే, గ్రూప్ వన్‌లో ఈ ప్రశ్న రావచ్చు, పదిహేను మార్కులు అని ఏ దాపరికం లేకుండా చెప్పింది. ప్రపంచాన్ని కదిలించిన భావాలకు ఆమె కట్టిన విలువ పదిహేను మార్కులు. ఆ రోజు అభిలాష్‌కు అన్నం సహించలేదు.

రేపటి నుంచి రాదనుకున్నాడు. మర్నాడు అందరికంటే ముందు వచ్చి కూర్చుంది.

అతను అదనపు విలువ గురించి మళ్లీ మొదలుపెట్టాడు. ఐదు నిమిషాలు కాకముందే చెయ్యెత్తి, ఒక్క మాట చెప్పవచ్చా అని అడిగింది. ఏం చెప్తుందో చూద్దామని ఊరుకున్నాడు.

"కింద దోశలు వేసే రామస్వామి గారు తెలుసు కదా మీ అందరికీ" అని క్లాసు వైపు తిరిగింది. "పొద్దున ఏడింటికి పెనం దగ్గర నిలబడతారు. పదింటికల్లా ఆయన వేసిన దోశలతో ఆ రోజు ఆయన జీతం వచ్చేసినట్టే. అయినా సాయంత్రం దాకా వేస్తూనే ఉంటారు. మరి పదింటి తర్వాత వేసే దోశలు ఎవరివి?"

ఓనరువని వెనక నుంచి ఎవరో అన్నారు. పిండి, గ్యాసు, కిరాయి ఖర్చు తీసేసినా మిగులుతుంది కదా అని ఇంకొకరు. ఆ మిగిలేదాని మీద ఓనరుకు హక్కుందా లేదా అని మూడో వరుసలో ఇద్దరు కొట్లాటకు దిగారు. నిన్న గంటన్నరలో కదలని క్లాసు రెండు నిమిషాల్లో కదిలింది.

"నిన్న నిద్రపోయిన్రు గదా. ఇదంతా ఎట్ల తెలిసింది?" అని అభిలాష్ అడిగాడు, క్లాసు అయ్యాక.

"ఇంటికెళ్లి చదివాను. మీ మీద కోపంతో చదివితే బాగా అర్థమైంది."

అలా అంటూ నవ్వింది. అతను నవ్వకూడదనుకున్నాడు గానీ, అది అతని చేతిలో లేకపోయింది.

వెనక బెంచీ మీద కూర్చుని ఇదంతా చూస్తున్న సీతారాములు సారుకు ఒక ఆలోచన వచ్చింది. ఇద్దరూ కలిసి ముప్పై రెండు పేజీల చిన్న పుస్తకం రాయండి అన్నారు. సోషలిజం అంటే ఏమిటి, కమ్యూనిజం అంటే ఏమిటి, వాళ్లలో వాళ్లకు తగాదాలు ఎందుకు, వాళ్ల పేరు మీద జరిగిన తప్పులేమిటి, అన్నీ ఉండాలి. మొదటిసారి వినేవాడికి అర్థం కావాలి. దానికో షరతు కూడా పెట్టారు. రాసిన ప్రతి భాగాన్నీ అలాంటి పుస్తకం ఎన్నడూ ముట్టని మనిషికి చదివి వినిపించాలి. సొంత ఇంటివాళ్లయితే మొహమాటానికి అర్థమైందంటారు కాబట్టి, ఎవరు రాసినా సరే, ఒకరు వెళ్లి ఇంకొకరి ఇంట్లో చదవాలి.

అలా అభిలాష్ మన్సూరాబాద్ వెళ్లాడు.

మృదుల తండ్రి పట్టాభి గారికి ఎల్‌బీ నగర్‌లో శానిటరీ సామాన్ల షాపు. గుడివాడ నుంచి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. బందుల వల్ల షాపు సగం రోజులు మూతే. హాల్లో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. కూర్చో బాబూ అన్నారు గానీ పేపరు దించలేదు. మృదుల తల్లి అమ్మాజీ చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఊఁ చదువు బాబూ అంది.

అభిలాష్ దోశల భాగం చదివాడు. ఆవిడ శ్రద్ధగా విని, బాగానే అర్థమైందని, ఒక్క చిన్న సందేహం ఉందని చెప్పింది.

"ఆ రామస్వామికి పదింటి దాకా వేసిన వాటికైనా జీతం వస్తోంది. పాతికేళ్లుగా నేను వేసిన దోశల సంగతేమిటి బాబూ? అవి ఎవరివి?"

పట్టాభి గారి పేపరు రెండు అంగుళాలు కిందికి దిగింది. అభిలాష్ చేతిలోని కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. రేపు చెప్తానమ్మా అని లేచాడు. వాకిట్లో మృదుల నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగి నిలబడింది. ఇంటి పని మీద నాలుగు పేజీలు కొత్తగా చేరాయి. అవి మృదులే రాసింది.

ఎల్‌బీ నగర్‌లో అభిలాష్ ఇంట మృదులకు దొరికిన శ్రోత అతని తండ్రి బక్కయ్య. ముప్పై ఏళ్ల కింద నల్గొండ దిక్కు పల్లె నుంచి వచ్చిన మనిషి. స్టీరింగ్ పట్టుకోకుండా అన్ని రోజులు ఎన్నడూ లేడు. ఇంట్లో కాలు నిలవక భార్య యాదలక్ష్మిని పరేషాన్ చేస్తున్నాడు. మృదుల చదవడం మొదలుపెడితే చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. సంస్కరణ కావాలనే వాళ్లు, విప్లవం కావాలనే వాళ్లు, ప్రభుత్వమే వద్దనే వాళ్లు, ఈ మూడు దారుల గురించి అభిలాష్ రాసిన పేజీ అది.

పూర్తయ్యాక బక్కయ్య కాసేపు ఆలోచించాడు.

"అంటే గిట్లనా బిడ్డా? బస్సు ఖరాబైంది. రిపేర్ జేసి నడుపుదమంటడు ఒకడు. గీ బస్సే వద్దు, కొత్తది తెద్దమంటడు ఇంకొకడు. అసలు డ్రైవరే వద్దు, అందరం కలిసి నడుపుదమంటడు మూడోటోడు. గంతే గదా?"

మృదుల పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. మరి మీరు ఏ పక్షమండీ అని అడిగింది.

"నేను బ్రేకులు చూస్తనమ్మా. ఎవలు నడిపినా బ్రేకులుండాలె. లేకుంటే ఎంత మంచి బస్సయినా జనం మీదికే పోతది."

అభిలాష్ రెండు పేజీల్లో ప్రజాస్వామ్యం గురించి చెప్పాలని తంటాలు పడ్డది అదే. ఆ రెండు పేజీలూ కొట్టేసి మృదుల బక్కయ్య మాట పెట్టింది.

రోజూ క్లాసయ్యాక ఇద్దరూ ఎల్‌బీ నగర్ దాకా నడిచేవాళ్లు. చైతన్యపురి, కొత్తపేట పండ్ల మార్కెట్, వాన, వానలో ఒక్క గొడుగు. అది ఆమెది. ఎవరు పట్టుకోవాలన్న దాని మీద రోజూ చర్చ. మార్కెట్ దగ్గర బత్తాయిలు కొనేవాళ్లు. ఇవి మా నల్గొండవే అని అతను ప్రతి రోజూ చెప్పేవాడు. మొదటిసారి విన్నట్టు ఆమె ప్రతి రోజూ ఆశ్చర్యపోయేది.

అతను రాసిన కాగితాల మీద ఆమె ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టేది. 'ఇక్కడ నిద్రొస్తోంది.' 'ఇది అమ్మకు అర్థం కాదు.' 'ఇది మీకైనా అర్థమైందా?' కొన్నాళ్లకు అభిలాష్ అక్కడక్కడా కావాలనే ఒక చచ్చు వాక్యం రాసి పెట్టడం మొదలుపెట్టాడు, ఆ ఎర్ర అక్షరాల కోసం.

పుస్తకం పూర్తయింది. తెలంగాణ కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో నడుస్తున్న దీక్షా శిబిరంలోనే విడుదల చేద్దామనుకున్నారు. అప్పుడు వచ్చింది చిక్కు.

జంగయ్య ఉస్మానియాలో చదువుతూ రీడింగ్ రూంకు వచ్చే కుర్రాడు. పొద్దున లేస్తే శిబిరంలోనే ఉంటాడు. అట్ట మీద పేర్లు చూసి అభిలాష్‌ను పక్కకు పిలిచాడు. మృదుల మంచిదేనని, తనకేమీ లేదని, కానీ ఇంత వేడి మీద ఉన్న శిబిరంలో ఆంధ్ర అమ్మాయి పేరున్న పుస్తకం పంచితే నలుగురూ నాలుగు మాటలంటారని, ఈసారికి ఆ పేరు లేకుండా కానిచ్చేద్దామని అన్నాడు.

అభిలాష్ కాదనలేదు. అవుననీ అనలేదు. రెండింటికీ మధ్య ఒక తెలివైన దారి కనిపెట్టాననుకుని, ఆ సాయంత్రం కొత్తపేట మార్కెట్ ముందు మృదులకు చెప్పాడు. రచయితల పేర్లే వద్దు, 'అధ్యయన బృందం' అని వేద్దాం, సమష్టి కృషి అన్నట్టు ఉంటుంది అని.

మృదుల నడక ఆపింది. "మీ పేరు కూడా ఉండదన్నమాట."

"ముందుమాట కింద ఉంటది. సంపాదకుడు అని."

ఆమె వాన లేకపోయినా గొడుగు తెరిచి మళ్లీ మూసింది.

"పదింటి తర్వాత వేసిన దోశలు ఎవరివి సార్?" అంది చివరికి, మెల్లగా.

అటుగా పోతున్న షేర్ ఆటోను చెయ్యెత్తి ఆపి ఎక్కి వెళ్లిపోయింది. ఆటోలు మళ్లీ తిరుగుతూ పది రోజులైందని, ఈ పది రోజుల్లో ఆమె ఒక్కదాన్నీ ఆపలేదని అభిలాష్‌కు అప్పుడు తట్టింది. రోడ్డు మీద నిలబడి ఆ ఆటో కనపడకుండా పోయేదాకా చూశాడు.

మూడు రోజులు మృదుల రాలేదు. ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు అన్నం తింటూ బక్కయ్య, ఆ బిడ్డ ఎందుకొస్తలేదురా అని అడిగాడు. అభిలాష్ జరిగింది చెప్పాడు. బక్కయ్య తింటున్న కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు పొద్దున దాకా కొడుకుతో మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అభిలాష్‌కు.

ప్రెస్సు నుంచి ప్రూఫులు వచ్చాయి. ఒక్కడే కూర్చుని మొదటి నుంచీ చదివాడు. నవ్వు తెప్పించిన ప్రతి చోటా, ఆగి ఆలోచించాల్సి వచ్చిన ప్రతి చోటా ఆమె గొంతే వినపడింది. ఆ పేజీలు పట్టుకుని నేరుగా రీడింగ్ రూంకు వెళ్లాడు. జంగయ్య, సీతారాములు సారు, ఇంకో నలుగురు ఉన్నారు. పేరు వేయాల్సిందేనని, ఆమె పేరే ముందు ఉండాలని చెప్పాడు.

గిప్పుడు టైం కాదన్నా అని జంగయ్య మొదలుపెట్టాడు.

"తెలంగాణ ఎందుకు గావాలని రోడ్డు మీద కూసున్నం జంగయ్యా?" అన్నాడు అభిలాష్. గొంతు పెంచలేదు. "చెమట మనది, పేరు ఇంకొకలదైతుందనే గదా. ఆమె రాసిన పేజీల మీంచి ఆమె పేరు తీసేసినంక, గీ పుస్తకం పట్టుకొని నేను ఎవలికి ఏం జెప్పాలె? తప్పు నీది గాదు. నువ్వు భయం జెప్పినవ్. నేను దానికి సమష్టి అని పేరు పెట్టిన."

కింద నుంచి రామస్వామి పెనం మీద నీళ్లు చల్లిన చప్పుడు వినిపించింది. జంగయ్య తల గోక్కున్నాడు.

"సరే గని అన్నా, ప్రూఫులు దిద్దింది నేను. మరి నా పేరేది?"

సీతారాములు సారు నవ్వారు. ఆ పేరు కూడా చేరింది, రెండో పేజీలో.

కొత్త అట్ట ప్రూఫు చొక్కా లోపల దాచుకుని అభిలాష్ మన్సూరాబాద్ వెళ్లేసరికి వాన దంచి కొడుతోంది. తలుపు తీసింది పట్టాభి గారు. నీళ్లు కారుతున్న మనిషిని చూసి ముందు తువ్వాలు ఇచ్చారు, తర్వాత ఏమిటని అడిగారు. అతను కాగితం చూపించాడు. మృదుల పేరు ఇంటిపేరుతో సహా పైన ఉంది. ఆయన కళ్లజోడు తెచ్చుకుని మరీ చదివారు.

"ఇది ఆ శిబిరంలో పంచుతారా?"

"అవునండి. నేనే పంచుత."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. "మా షాపు బోర్డు మీద గుడివాడ అన్న మాట ఉండేదయ్యా. పోయిన నెలలో దాని మీద నేనే సున్నం వేయించాను. ఎవరూ ఏమీ అనలేదు. పక్క షాపుల వాళ్లు టీ తాగించే మనుషులే. నాకే భయం వేసింది." కాగితాన్ని జాగ్రత్తగా మడత లేకుండా టీపాయ్ మీద పెట్టారు. "నేను తీసేసుకున్నాను. నువ్వు పెట్టావు."

ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్లి కూతుర్ని పంపించారు.

మృదుల వచ్చి నిలబడింది. అభిలాష్ దారంతా ఒక పెద్ద వివరణ కట్టుకుంటూ వచ్చాడు. ఆమెను చూడగానే అందులో ఒక్క ముక్క గుర్తు రాలేదు. తప్పు చేసిన, అన్నాడు. ఆమె అట్ట చూసింది. అక్షరాల వరసలో అయితే అభిలాష్ ముందు, మృదుల తర్వాత రావాలి కదా అని అడిగింది.

"పేజీలు లెక్కబెట్టిన. మీవి పద్దెనిమిది, నావి పద్నాలుగు."

ఆమె ముఖం తిప్పుకుంది. మళ్లీ ఇటు తిరిగేసరికి కళ్లు తడిగా ఉన్నాయి, పెదవులు నవ్వుతున్నాయి. అట్ట మీద ఒక అచ్చుతప్పు ఉందని చెప్పి, ఎర్ర పెన్ను కోసం లోపలికి వెళ్లింది. అమ్మాజీ వేడి వేడి ఉప్మా తెచ్చింది.

పుస్తకం శిబిరంలో విడుదలైంది. ఎవరూ ఏ గొడవా చేయలేదు. ఒక పెద్దాయన మాత్రం మృదులను ఏ ఊరమ్మా అని అడిగి, గుడివాడ అని వినగానే, తన చిన్నతనంలో అక్కడి నుంచి వచ్చిన కార్యకర్తలు తమ ఊళ్లో రాత్రి బడి నడిపేవారని చెప్పి కాపీ తీసుకున్నాడు. యాదలక్ష్మి, అమ్మాజీ ఒకే టెంటు కింద పక్కపక్కన కూర్చున్నారు. షాపు పని మీద వచ్చానంటూ రోడ్డు అవతల నిలబడ్డ పట్టాభి గారు చివరకు ఐదు కాపీలు పట్టుకెళ్లారు.

అక్టోబరు సగంలో ఆర్టీసీ వాళ్లు సమ్మె వాయిదా వేశారు. తెలంగాణ ఇంకా రాలేదు. బక్కయ్యకు ఆ బాధ ఉంది, అయినా తన బస్సును తనే కడిగి, బొట్టు పెట్టి బయటికి తీశాడు. రెండో రోజు పొద్దున ఎల్‌బీ నగర్‌లో మృదుల ముందు డోరు నుంచి ఎక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. అభిలాష్ వెనక డోరు నుంచి ఎక్కాడు. మధ్యలో కొత్తపేట జనం మొత్తం.

బక్కయ్య అద్దంలో ఇద్దర్నీ చూశాడు. కొడుకు చూపు ఎటుందో చూశాడు. సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది.

"మీ నాయన ఇంట్ల ఎప్పుడుంటడు బిడ్డా?"

"ఆదివారం ఉంటారండీ."

"అయితే ఆదివారం నేను, మా యాదలక్ష్మి వస్తం."

టికెట్లు కొడుతున్న కండక్టరు తిరుపతమ్మ చెవిన ఆ మాట పడింది. ఎందుకు పోతున్నవ్ బక్కయ్యన్నా అని అడిగింది. పిల్లనడగనీకె అన్నాడు బక్కయ్య, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా. ముందు నాలుగు వరుసల ఆడవాళ్లూ మృదుల వైపు చూశారు. ఆమె ముఖం కుంకుమలా అయింది.

"నన్ను ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదండీ" అంది.

బక్కయ్య మొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు. మావాడు చెప్పలేదా అన్నాడు. తిరుపతమ్మ బస్సు చివరి దాకా వినపడేలా, వెనక ఉన్న అభిలాష్ ఎవలో ముందటికి రావాలె అని కేకేసింది.

అభిలాష్ వచ్చాడు. మోచేతులు తగిలి, కాళ్లు తొక్కి, లేడీస్ దిక్కు ఏంది నీకు పని అని ఇద్దరితో తిట్లు తిని వచ్చి, ఆమె సీటు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఊపిరి అందడం లేదు.

"నాకు మీరంటే ఇష్టం" అన్నాడు. "పెండ్లి చేసుకుందమా?"

మృదుల ఒడిలోని బ్యాగు సర్దుకుని కాస్త జరిగి, పక్కన చోటు చేసింది.

"ఆదివారం పొద్దునే రమ్మనండి. నాన్నకు ఏం చెప్పాలో నేను చెప్పి ఉంచుతాను. మీరు మటుకు మాట్లాడొద్దు. మొదలుపెడితే మధ్యాహ్నం అవుతుంది."

బక్కయ్య నవ్వుకుంటూ గేరు మార్చాడు. దిల్‌సుఖ్‌నగర్ స్టాపులో బస్సు ఆగింది, జనం దిగారు, ఎక్కారు. తిరుపతమ్మ రైట్ రైట్ అంది. అక్కడ దిగాల్సిన ఆ ఇద్దరూ దిగనే లేదు.